అన్నీ బోర్లా పడితే

మా ఆయన మోటార్లకి వైండింగు చేసేవారు. చోడవరంలో బస్టాండు దాటాక చిన్న షాపు మాది. చెరుక్కి నీళ్లు కట్టే రోజుల్లో రైతులు కాలిపోయిన మోటార్లని ఆటోల్లో వేసుకొచ్చి గుమ్మంలో దించి, ఇవాళే కావాలని ఆయన ప్రాణం తీసేవారు. అలాంటి మనిషికి కథలు రాసే పిచ్చి ఉందని పెళ్లయిన చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. తెలిసిన రోజున నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్లు మండింది. అన్నం వడ్డించి పిలిస్తే, "ఉండవే, మావోడి మీద కత్తి ఎత్తేడు" అంటూ ఫోనులోంచి తల ఎత్తకపోతే ఏ ఆడదానికి మండదు?

ఆ పిచ్చివాళ్లు ముగ్గురు. మా ఆయన, వడ్డాదిలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే మాస్టారు, గాజువాకలో ఉంటూ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్లే ఇంకొకాయన. ముగ్గురూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఫోనులో ఒక గ్రూపు పెట్టుకుని అందులో కలిసి కథ రాసేవారు. ఏదో రాజుల కాలం, పేరు లేని ఒక ఏరు, ఆ ఏటికి ఒక రేవు. ఆ రేవుని దొంగల బారి నుంచి కాపాడే ముగ్గురు బంట్లు. ఎవరి బంటు వాళ్లది. ఒకరు నాలుగు వాక్యాలు రాసి వదిలితే ఇంకొకరు అక్కణ్నుంచి అందుకుంటారు. ఒకరి బంటు చేత ఇంకొకరు మాట్లాడించకూడదు, వాడు ఏమనుకున్నాడో రాయకూడదు. దొంగలు మాత్రం మాస్టారి వంతు. స్కూల్లో పిల్లల్ని చూసి చూసి దొంగ బుద్ధులు ఆయనకి బాగా తెలుసని మా ఆయన ఏడిపించేవారు.

అంతా బాగానే ఉండేది గాని, కథలో యుద్ధం వస్తే మాత్రం నిజం యుద్ధం అయిపోయేది. ఎవరి మనిషిని వాళ్లు గెలిపించుకుంటారు కదా. గాజువాక ఆయన బంటుకి ఎన్ని కత్తులు దూసినా గీత పడేది కాదు. మాస్టారు కొట్టానంటారు, ఆయన తప్పుకున్నానంటాడు. ఒకసారి ఈ గొడవలోనే ముగ్గురూ మాటలు మానేశారు. జుట్టు నెరుస్తున్న మగాళ్లు లేని దొంగ గురించి అలిగి కూర్చున్నారని నేను మా అమ్మాయికి చెప్పి నవ్వాను.

ఆ తగువు తీర్చింది మా ఆయనే. ముందు ఫోనులో పాచికలు దొర్లించే ఆట ఒకటి పెట్టి చూశారు. అందులో ఏం పడినా గాజువాక ఆయన ఫోను మోసం చేసిందనేవాడు. దాంతో ఒక ఆదివారం మా ఆయన నా డబ్బాలోంచి చింతపిక్కలు ఏరుకుని, వంటింటి గచ్చు మీద చతికిలబడి, ఒక్కోదాన్నీ ఒకవైపు అరగదీశారు. అలా అరిగితే ఆ వైపు తెల్లగా తేలుతుంది, రెండోవైపు నల్లగానే ఉంటుంది. మా పల్లెల్లో గవ్వలు లేనివాళ్లు ఆడుకునేది వాటితోనే. ముగ్గురికీ తలా నాలుగు చేశారు. నా గచ్చంతా గీతలు పడ్డాయి. నేను తిట్టిన తిట్లకి ఆయన తల ఎత్తలేదు.

ఇద్దరు తలపడితే ఇద్దరూ పిక్కలు వెయ్యాలి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. ఎవరికి ఎక్కువ తెల్లవి పడితే వాళ్లది పైచెయ్యి. గెలిచినవాడు ఇక ఏమీ రాయకూడదు. ఓడినవాడే తన దెబ్బ తాను రాసుకోవాలి. ఆ ఒక్క పద్ధతితో అలకలన్నీ ఆగిపోయాయి. ఆ ఆట గురించి నాకు తెలిసింది అంతే. ఇంకేమైనా ఉందా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

"మళ్లీ మళ్లీ వేసి, మంచిది పడ్డాక ఫోటో తీస్తే ఎవరికి తెలుస్తాదండీ?" అన్నాను ఒకసారి. నేను తమాషాకే అన్నాను. ఆయన మాత్రం నేనేదో తినే కంచంలో ఉమ్మేసినట్టు చూశారు.

"అలగైతే రాయడం ఎందుకే?" అన్నారు.

ఆయన బంటు సంగతి చెప్పాలి. మిగతా ఇద్దరి బంట్లూ ఆరడుగుల మనుషులు, కండలు, మీసాలు. మా ఆయనది కుంటివాడు. చేతిలో ఒక ఈటె, నోట్లో ఎప్పుడూ సణుగుడు. ఏ చప్పుడైనా ముందు పారిపోయే దారి ఎటుందో చూసుకునేవాడు, చూసుకుని అక్కడే నిలబడేవాడు. "ఇంకో మంచోడు దొరకలేదా మీకు" అంటే, "బయం లేనోడి గురించి ఏటి రాస్తాం, ఆడికి ఏటైనా ఒకటే కదా" అనేవారు. రానురాను నేనూ ఆ కుంటాణ్ణి అడిగేదాన్ని. పెసరపప్పు తాలింపు వేస్తూ, "ఏటి, మీవోడు ఉన్నాడా పారిపోయేడా?" అంటే ఆయన మొహం వెలిగిపోయేది. ఆ మొహం చూడటానికే అడిగేదాన్నని ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

నిరుడు వానలు ఆగాక ఒక మధ్యాహ్నం షాపులో మోటారు విప్పుతూ ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయారట. పక్క కొట్టువాళ్లు ఆటోలో అనకాపల్లి తీసుకెళ్లారు. కబురు నాకు ఆలస్యంగా వచ్చింది. నేను వెనకాల బస్సులో వెళ్లాను. సీటు దొరికింది, కూర్చున్నాను. మజ్జిగ లేకుండా భోంచేసి వెళ్లారు, వచ్చాక తోడు పెట్టాలి అనుకుంటూ కూర్చున్నాను. నేను దిగేసరికి అంతా అయిపోయింది.

కర్మకాండలూ, వచ్చేపోయే జనం, మా అమ్మాయి మళ్లీ హాస్టలుకి వెళ్లిపోవడం, ఇవన్నీ ఎలా జరిగాయో చెప్పమంటే చెప్పలేను. ఇల్లు ఖాళీ అయ్యాక తెలిసింది, ఒక్క మనిషికి వంట చెయ్యడం నాకు రాదని. ఎంత తగ్గించినా మిగిలిపోయేది. మిగిలినప్పుడల్లా కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియదు, గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని.

చలి తగ్గాక మాస్టారూ గాజువాక ఆయనా కలిసి బండి మీద వచ్చారు. టీ తాగేసినా గ్లాసులు చేతుల్లోనే తిప్పుతూ కూర్చున్నారు. షాపు సామాను ఎవరికైనా కావాలేమో, అది అడగడానికి మొహమాటపడుతున్నారనుకున్నాను.

"సెల్లెమ్మా, తప్పుగా అనుకోకు" అన్నారు మాస్టారు. "ఆడి బంటు రేవులో అలగే నిలబడి ఉన్నాడు. ఎదురుగా దొంగల నాయకుడు. నేను ఆడు పోయే ముందురోజే పిక్కలు వేసేను, మూడు తెల్లవి పడ్డాయి. ఆడు షాపు నుంచి వచ్చేక వేస్తానన్నాడు. మేం ముందుకి రాయలేకపోతన్నాం. నువ్వు ఊ అంటే, ఆ బంటు ఏ కాశీకో ఎల్లిపోయినట్టు రాసి ఒగ్గేస్తాం."

"కుంటికాలేసుకుని కాశీకి ఏటి ఎల్తాడు?" అన్నాను. అని, నేనే నవ్వబోయి ఆగిపోయాను. "వంతు ఆయనదే కదా? నేనేస్తాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గాజువాక ఆయన, "వద్దు సెల్లెమ్మా, పడింది పడినట్టే ఉంటాది. బంటు పోయినా పోతాడు" అన్నాడు.

"సచ్చిపోతే మళ్లీ మొదట్నుంచి రాడేటి? మా ఆటలో కాయ సచ్చిపోతే మళ్లీ ఇంటికాడి నుంచి బయల్దేరతాది."

"రాడు. మీ ఆయన పెట్టిన రూలే అది" అన్నారు మాస్టారు. "మళ్లీ వస్తాడంటే రాసేవోడికి బయం ఉండదనేవోడు."

అయినా వేస్తానన్నాను. ఎందుకంటే, నాకు ఆయన కావాలి. ఇంట్లో లేరు, షాపులో లేరు, కనీసం ఆ రేవులోనైనా ఈటె పట్టుకుని సణుగుతూ ఉండాలి. కాశీకి పంపితే కుదరదు, ఎవరో జాలిపడి ఉంచితే కుదరదు. పిక్కలు పడి, న్యాయంగా బతికి ఉండాలి. నాకున్న ఆశంతా అదే.

పిక్కలు మేకుకి తగిలించిన చొక్కా జేబులోనే ఉన్నాయి. మా అమ్మాయి ఫోను చేసి చెబితే ఆయన ఫోను తెరవడం నేర్చుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం వంటిల్లు తుడుచుకుని, ఆ గీతలు పడ్డ గచ్చు మీదే కూర్చున్నాను. నాలుగు తెల్లవి పడాలి, లేకపోతే ఎనిమిది. కళ్లు మూసుకుని వేశాను.

నాలుగూ బోర్లా పడ్డాయి. అన్నీ నలుపే.

మా పుట్టిల్లు బుచ్చయ్యపేట దగ్గర పల్లెటూరు. అక్కడ మేం చింతపిక్కలు వేసి ఆడుకునేటప్పుడు అన్నీ బోర్లా పడితే ఎనిమిది. దానికి మించిన పందెం లేదు. అది పడ్డ ఆడగుంట ఎగిరి గంతేసేది. నేనూ ఒక్కదాన్నే వంటింట్లో లేచి నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాను. ఫోటో తీసి, కింద 'ఎనిమిది పడింది అన్నయ్యా' అని రాసి పంపాను. ఆయన ఫోనులోంచే, ఆయన పేరు మీదే వెళ్లింది.

మాస్టారు ఏదో టైపు చేస్తున్నట్టు కనిపించింది, ఆగిపోయింది. మళ్లీ కనిపించింది, మళ్లీ ఆగింది. చాలాసేపటికి పెద్ద మెసేజ్ వచ్చింది. కుంటి బంటు ఈటె ఎలా వచ్చి తగిలిందో, దొంగల నాయకుడు ఇసకలో ఎలా కూలబడ్డాడో చక్కగా రాశారు. ఓడినవాడు తన దెబ్బ తాను రాసుకోవాలి కదా. గాజువాక ఆయన దాని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ ఒక్కటే పెట్టాడు. వాళ్లకీ ఏడుపొచ్చి ఉంటుందనుకున్నాను.

ఆ తర్వాతి నెలలు నేను ఎలా గడిపానంటే, రాస్తూ గడిపాను. కుంటి బంటు ఇప్పుడు నా చేతిలో ఉన్నాడు. మొదట్లో ఒక్క వాక్యానికి పొయ్యి మీద అన్నం పొంగిపోయేది. తర్వాత అలవాటైంది. బంటు రేవులో ఏం తిన్నాడో, పడవవాళ్లతో ఏం గొడవ పడ్డాడో, చలికి ఏం కప్పుకున్నాడో అంతా రాసేదాన్ని. చిన్న చిన్న కొట్లాటల్లో పిక్కలు వేశాను, రెండుసార్లు దెబ్బ తిని, ఆ దెబ్బ నేనే రాసుకున్నాను. పక్కింటావిడ, "ఈమద్దిన కొంచెం తేరుకున్నావు" అంది. తేరుకోవడం కాదు, నాకు మనిషి తోడున్నట్టు ఉండేది. పెసరపప్పు తాలింపు వేస్తే, ఆ వాసన బంటుకి తగిలినట్టు రాసేదాన్ని.

చెరుకు కొట్టడం మొదలయ్యాక, కథలో మళ్లీ దొంగలు వచ్చారు. ఈసారి వాళ్లకి ఎదురు నిలబడింది మాస్టారి బంటు. అలాంటప్పుడు దొంగల తరఫున గాజువాక ఆయన పిక్కలు వేస్తాడు. ఆయనకి రెండు పడ్డాయి. మాస్టారు వేసి ఫోటో పెట్టారు. నాలుగూ బోర్లా. నాకు ప్రాణం లేచొచ్చింది, మాస్టారి బంటు గట్టెక్కినట్టే కదా అని. కొంచెంసేపటికి మాస్టారు తన బంటు చావు తానే రాసి పంపారు. నేను రెండుసార్లు చదివాను. 'అది ఎనిమిది కదా అన్నయ్యా' అని పెట్టాను. ఇద్దరూ చూసినట్టు కనిపించింది. ఎవరూ జవాబు ఇవ్వలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. అర్థమైనా, నోటితో వినాలనిపించింది. మర్నాడు ఆటో ఎక్కి వడ్డాది వెళ్లాను. స్కూల్లో పిల్లలు భోజనాలకి కూర్చున్నారు. మాస్టారు నన్ను చూసి, చేతికి అంటిన సుద్ద తుడుచుకుంటూ వరండా చివరికి వచ్చారు. ఆ తుడుచుకోవడం ఎంతకీ అవ్వలేదు.

"మీవోణ్ణి ఎందుకు సంపేసేరు?" అన్నాను.

"మా ఆటలో అది ఎనిమిది కాదు సెల్లెమ్మా. సున్నా. అది పడితే మనిషి పోయినట్టే."

"మరి నాది?"

"సిన్నప్పుడు మాక్కూడా ఎనిమిదే" అన్నారు. "మీ ఆయనే మార్పించేడు. నాలుగు పిక్కల్లో ఒక్కటైనా మొహం సూపించకపోతే ఆడికి ఎనిమిది మంది బలం ఎక్కణ్నుంచి వస్తాదిరా అన్నాడు. మేం ఇద్దరం వాదించేం. ఆడే గెలిచేడు."

"నాకు సెప్పలేదేం?"

"ఎనిమిది పడిందని రాసేవు నువ్వు. ఆ మాట సూసేక నాకు సెయ్యి ఆడలేదు. గాజువాకోడికి ఫోన్ సేసేను. ఆడు ఏడుస్తన్నాడు. 'ఎనిమిదే రా, ఎనిమిదే అని రాసీ' అన్నాడు. రాసేసేను."

నాకు కోపం వచ్చింది. "నన్ను సిన్నపిల్లని సేసేరు మీరిద్దరూ. జాలిపడి ఉంచితే వద్దనే కదా నేను పిక్కలు వేసింది" అన్నాను. పిల్లలు అన్నం తినడం ఆపి చూస్తున్నారు. మాస్టారు వాళ్లని తినమని సైగ చేశారు. నా వైపు తిరిగి, "ఇప్పుడైనా రూలు మార్చేద్దాం. ముగ్గురమే కదా ఉన్నాం, ఎవరు అడుగుతారు? ఎనిమిదే అనుకుందాం" అన్నారు.

"మరి మీవోడు?"

"నావోడు పోయేడు లే. అది నాకు సరే" అన్నారు. నిన్నటి పందెంలో ఆయన ఎనిమిది అనేసుకుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ ఎనిమిది నాకు ఇచ్చారు గాని, తాను తీసుకోలేకపోయారు. ఆ సంగతి తెలిశాక ఆయన మీద నా కోపం నిలబడలేదు.

తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో కూర్చుని గ్రూపులో పైనుంచి చదవడం మొదలుపెట్టాను. రూలు మార్చేస్తే సరిపోతుంది, బంటు ఉంటాడు, రేపు మళ్లీ రాసుకోవచ్చు. నిజంగా అలాగే చెయ్యాలని ఉంది నాకు. ఊళ్లు దాటుతున్నాయి, నేను చదువుతున్నాను. ఆయన రాసిన రోజుల్లో బంటు ప్రతి చప్పుడుకీ దారి వెతుక్కుంటున్నాడు, తడిసిన బట్టల గురించి సణుగుతున్నాడు, పారిపోతానని ఒట్లు పెట్టి పారిపోకుండా ఉంటున్నాడు. ఆ మధ్యాహ్నం నేను పెట్టిన ఫోటో దాటాక చదివితే, వాడు ఒక్కసారి కూడా దారి వెతుక్కోలేదు. కూర్చుంటున్నాడు, తింటున్నాడు, చలికి కప్పుకుంటున్నాడు, అందరికీ జాగ్రత్తలు చెబుతున్నాడు. నాలాగే మాట్లాడుతున్నాడు. వాడికి ఏమైనా అవుతుందేమోనన్న భయం అంతా నాది, వాడికి భయం లేదు. ఇన్ని నెలలు ఆయన తోడున్నారనుకుని నేను నాతో నేనే మాట్లాడుకున్నాను. ఆటో అబ్బాయి దిగమనేదాకా చోడవరం వచ్చిందని నాకు తెలియలేదు.

ఓడినవాడు తన దెబ్బ తాను రాసుకోవాలి. ఆయనది ఇంకెవరూ రాయకూడదు, రాయలేరు కూడా. మర్నాడు పొద్దున్న పనులన్నీ చేసుకుని, పొయ్యి మీద పప్పు పెట్టి, ఫోను తీసుకుని గచ్చు మీద కూర్చున్నాను.

'ఆ రోజు రేవులో పిక్కలు నాలుగూ బోర్లా పడ్డాయి. అది ఎనిమిది కాదు. ఆ తర్వాత రాసినదేదీ జరగలేదు' అని మొదలుపెట్టాను. అక్కడిదాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత 'అతను ఈటె ఎత్తాడు' అని రాశాను. ఇన్నాళ్లూ కథలో బంటుని నేను 'అతను' అనే రాశాను, అందరూ అలాగే రాస్తారు. 'అతను చనిపోయాడు' అని కొట్టాను. చదువుకుంటే, ఆ మాట నా మొగుణ్ణి నేను ఏకవచనంతో అన్నట్టుంది. చెరిపేశాను. మళ్లీ కొట్టాను, మళ్లీ చెరిపేశాను. చివరికి వేళ్లు ఎలా నడిస్తే అలా రాయనిచ్చాను.

'ఆయన దారి ఎటుందో చూసుకున్నారు. దారి ఉంది. పారిపోలేదు. చాలా భయపడ్డారు. ఆయన పోయారు.'

పోయారని ఊరంతా అన్నారు. మా అమ్మాయి అంది. ఆఫీసుల్లో కాగితాల మీద వాళ్లే రాసుకుంటే నేను సంతకం పెట్టాను. ఇంటికి మోటారు తెచ్చిన రైతుతో కూడా, షాపు మూసేశామనే చెప్పాను గాని ఎందుకో చెప్పలేదు. ఆ రెండు మాటలూ నా చేత్తో రాయడం అదే మొదలు. పంపించాను. మాస్టారు ఫోను చేశారు, తర్వాత గాజువాక నుంచి వచ్చింది. ఏదీ ఎత్తలేదు. పప్పు మాడిన వాసన వస్తుంటే లేచి పొయ్యి ఆపేసి, మళ్లీ అక్కడే కూలబడి ఏడ్చాను.